ఇరవై ఫొటోల్లోంచి ఒక కందిగింజ

ఇంట్లో పొట్టు తీయని కందిగింజ ఒకటి దొరుకుతుందేమో చూడండి. దొరికితే తెల్లకాగితం మీద పెట్టి, ఫోన్ కెమెరా ఎంత దగ్గరదాకా ఫోకస్ పట్టుకుంటుందో అంత దగ్గరకెళ్లి ఒక ఫొటో కొట్టండి. ఇప్పుడు జూమ్ చేసి చూడండి. గింజ పైభాగం, వెలుతురు పడి మెరిసే చోటు, దాని మీద చిన్న చిన్న మచ్చలు అన్నీ నీట్‌గా ఉంటాయి. అంచులు మాత్రం మసక. ఈసారి అంచు మీద ట్యాప్ చేసి ఇంకోటి తీయండి. అంచు బాగుంటుంది, కాగితం మీది నూగు కూడా కనిపిస్తుంది, పైభాగం పోతుంది.

రెండు ఫొటోల్లోనూ గింజ ఉంది, కానీ ఏ ఒక్కదాంట్లోనూ పూర్తిగా లేదు.

దీనికి మీ ఫోన్‌ని తిట్టుకోకండి. లక్షన్నర పెట్టి కొన్న కెమెరాతోనైనా ఇదే తంతు, నిజానికి దాంతో ఇంకా ఎక్కువ. లెన్స్ ఏదైనా సరే, ఒక నిర్దిష్టమైన దూరాన్నే సూటిగా పట్టుకుంటుంది. దానికి కాస్త ముందు, కాస్త వెనక ఉన్నవి మన కంటికి స్పష్టంగానే అనిపిస్తాయి. ఆ కాస్త మందాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి రోడ్డు ఫొటో తీస్తే ఆ మందం పదుల మీటర్లు ఉంటుంది, అందుకే బస్సు, బోర్డు, వెనక ఫ్యాక్టరీ పొగగొట్టం అన్నీ క్లియర్‌గా వస్తాయి. వస్తువుకి దగ్గరయ్యేకొద్దీ ఆ మందం కరిగిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి మాక్రో లెన్స్ పెట్టి, గింజ అసలు సైజు ఎంతో సెన్సర్ మీద కూడా అంతే పడేలా తీశామనుకోండి, ఎఫ్/8 దగ్గర ఆ మందం దాదాపు 1 మిల్లీమీటరు. గింజని దానికి రెండింతలు పెద్దగా తీస్తే మిల్లీమీటరులో మూడో వంతు. మైక్రోస్కోప్ లెన్స్‌తో పది రెట్లకి వెళ్తే పది మైక్రాన్లు కూడా ఉండదు. మన తలవెంట్రుక మందం సుమారు 75 మైక్రాన్లు. అంటే వెంట్రుకలో ముందు సగం ఫోకస్‌లో ఉంటే వెనక సగం ఉండదన్నమాట.

కెమెరా తెలిసినవాళ్లు వెంటనే అడిగేది, 'అపర్చర్ మూసేస్తే సరిపోదా?' అని. కొంతవరకు సరిపోతుంది. ఎఫ్/22 దాకా మూస్తే మందం పెరుగుతుంది, కానీ అంత చిన్న కన్నంలోంచి వచ్చే వెలుగు విస్తరించిపోయి బొమ్మ మొత్తాన్ని మెత్తగా చేస్తుంది. దీన్ని డిఫ్రాక్షన్ అంటారు, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే. సగం షార్ప్‌గా ఉన్నదాన్ని మొత్తం మొద్దుగా మార్చుకోవడం ఏం లాభం! ఇక మన ఫోన్లలో చాలావాటికి అపర్చర్ మార్చే వీలే లేదు.

మిగిలిన దారి ఒక్కటే. ఫోకస్‌ని కొంచెం కొంచెంగా జరుపుతూ వరసగా ఫొటోలు తీయడం, ఒక్కో ఫొటోలో షార్ప్‌గా వచ్చిన భాగాన్ని మాత్రమే తీసుకుని అన్నిటినీ ఒకటిగా కలపడం. సీటీ స్కాన్‌లో ఒళ్లంతా పల్చటి ముక్కలుగా చూసినట్టు, గింజని ముక్కలుగా చూసి మళ్లీ అతికించడం అనుకోండి. పేరు ఫోకస్ స్టాకింగ్. ఫొటోషాప్‌లో ఇది 2008లో వచ్చిన సీఎస్4 నుంచి ఉంది. అప్పుడు మీలో కొందరు ఒకటో క్లాసులో ఉండి ఉంటారు.

కంప్యూటర్‌కి 'షార్ప్' అంటే ఏంటో ఎలా తెలుస్తుంది? రోజంతా కోడ్ రాసుకునే నాలాంటివాడికి ఇందులో అసలు మజా ఇదే. సాఫ్ట్‌వేర్‌కి గింజా తెలీదు, అంచూ తెలీదు. తెలిసిందల్లా పిక్సెల్ విలువలు. ఒక పిక్సెల్‌కీ దాని చుట్టూ ఉన్న పిక్సెల్స్‌కీ తేడా ఎంత అని లెక్కేస్తుంది. మసకగా ఉన్నచోట పక్కపక్క పిక్సెల్స్ దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా తక్కువ. షార్ప్‌గా ఉన్నచోట ఒకటి నల్లగా, పక్కది తెల్లగా ఉండొచ్చు, తేడా ఎక్కువ. లాప్లాసియన్ అని ఇంజినీరింగ్ మ్యాథ్స్‌లో పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోయిన ముక్క ఒకటుంది కదా, ఇక్కడ చేసే పని అదే. ఇరవై ఫొటోల్లో ఒకే చోటున్న పిక్సెల్‌ని తీసుకుని, ఎందులో ఆ తేడా గట్టిగా ఉందో చూసి, దాన్ని గెలిపిస్తుంది. కోటి పిక్సెల్స్ ఉంటే కోటి ఎన్నికలు.

అలా నేరుగా గెలిపించేస్తే అతుకులు కనిపిస్తాయి. అందుకే ఫొటోని ముందు పెద్ద ఆకారాలు, మధ్యరకం వివరాలు, సన్నటి గీతలు అని పొరలుగా విడదీసి, ఏ పొరకాపొర కలిపి, మళ్లీ ఒకటి చేసే పద్ధతి ఉంది. బర్ట్, ఏడెల్సన్ అనే ఇద్దరు 1983లో రాసిన లాప్లాసియన్ పిరమిడ్ పేపర్ దీనికి మూలం. విచిత్రమేంటంటే వాళ్లు అది రాసింది ఫొటో సైజు తగ్గించి పంపడం కోసం. ఇవాళ జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ లాంటి సాఫ్ట్‌వేర్లలో మీరు ఎంచుకునే పద్ధతుల్లో ఒకటి ఈ పిరమిడ్, ఇంకోటి డెప్త్ మ్యాప్. పిరమిడ్ సన్నటి వెంట్రుకలని, ఒకదాని మీద ఒకటి ఎక్కిన కాళ్లని బాగా పట్టుకుంటుంది కానీ రంగు కాస్త మారుతుంది, నాయిస్ కూడా పెరుగుతుంది. డెప్త్ మ్యాప్ రంగుని ఉన్నదున్నట్టు ఉంచుతుంది కానీ అడ్డదిడ్డంగా ఉన్న వెంట్రుకల దగ్గర తడబడుతుంది. రెండూ నడిపి పోల్చుకోవడమే నా పద్ధతి.

ఈ ఎన్నికకంటే ముందు ఇంకో పని ఉంది. ఫోకస్ జరిపినప్పుడు ఫొటోలో వస్తువు సైజు కూడా ఆవగింజంత మారుతుంది. లెన్స్ 'ఊపిరి తీసుకుంటుంది' అంటారు దీన్ని. కాబట్టి ఫొటోలన్నిటినీ ముందు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా సాగదీసి, జరిపి, తిప్పాలి. ఈ అలైన్‌మెంట్ తప్పితే మిగతా లెక్కంతా తప్పే.

ఎక్కడ తప్పుతుందో పాశమైలారంలో మెల్లగా అర్థమైంది.

నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు మెకానికల్. అక్కడ ఒక చిన్న మెషిన్ షాప్‌లో క్యూసీ చూస్తాడు. నాలుగు సీఎన్‌సీ మెషిన్లు, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఒక గదిలో కొలతల టేబుల్. స్టెయిన్‌లెస్ స్టీల్ ఫిట్టింగ్ ఒకటి చేస్తారు, లోపల కోన్‌లా సాగి చివర ఒక గాడి ఉంటుంది. 600 పీసుల లాట్ పోయింది. గాడి దగ్గర బర్ ఉందని కస్టమర్ నుంచి మెయిల్ వచ్చింది. బర్ అంటే కత్తిరించినచోట మిగిలిపోయే లోహపు ముల్లు, వెంట్రుకంత సన్నగా ఉంటుంది. 'మీ దగ్గర ఉన్న సాంపిల్ పీసులు చెక్ చేసి క్లియర్ ఫొటోలు పంపండి' అన్నారు.

మావాడు ఫోన్‌కి క్లిప్ లెన్స్ పెట్టి తీశాడు. కోన్ పైఅంచు బ్రహ్మాండంగా వచ్చింది, గాడి మసక. గాడి వస్తే అంచు మసక. నాలుగు ఫొటోలు పంపితే, 'ఇవన్నీ ఒకే పీస్‌వని మాకెలా తెలుస్తుంది?' అని జవాబొచ్చింది. న్యాయమైన ప్రశ్నే. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు: 'అరేయ్, నువ్వు ఆ పురుగుల ఫొటోలు కలుపుతావు కదా, గిది కూడా కలుపుతావా?'

ఆదివారం వెళ్లాను. ఓపెన్ కెమెరా యాప్‌లో ఫోకస్ బ్రాకెటింగ్ పెట్టి 24 ఫ్రేములు తీశాం. ల్యాప్‌టాప్‌లో ఫొటోషాప్ తెరిచి కలిపాం. బొమ్మ వచ్చింది, అంచు నుంచి గాడి అడుగు దాకా అంతా కొట్టొచ్చినట్టు. మావాడి మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. కోన్ మధ్యలో సన్నటి నల్లగీత ఒకటి, మిల్లీమీటరు పొడవుంటుందేమో.

'ఇదేందిరా, క్రాక్ లెక్క కొడుతుంది!'

బర్ అయితే రుద్ది తీసేయొచ్చు. క్రాక్ అయితే లాట్ మొత్తం స్క్రాప్. పీస్‌ని లూప్ కింద పెట్టి చూశాం, వేలి గోరుతో గీకి చూశాం, ఏమీ తగల్లేదు. షాప్ ఓనర్ కూడా వచ్చి స్క్రీన్ చూసి, మామూలుగా ఎవరైనా అనే మాటే అన్నారు: 'పీస్‌లో లేదంటున్నారు కదా. మరి ఫొటోలో చెరిపేయండి. మీకు రెండు నిమిషాల పని.'

నిజమే, హీలింగ్ బ్రష్‌తో పది సెకన్లు కూడా పట్టదు. పీస్‌లో లేని గీతని ఫొటోలోంచి తీసేస్తే అబద్ధం కూడా కాదు కదా అని కూడా అనిపిస్తుంది. కానీ ఆ ఫొటో వెళ్లేది సాక్ష్యంగా. ఒక్కచోట చెయ్యి పెట్టాక మిగతా బొమ్మ మీద మనకే నమ్మకం ఉండదు. మావాడు ఓనర్‌తో మెల్లగా, 'సార్, ముందు అది ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం సార్' అన్నాడు. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆ పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లకి తెలుసు.

ఫొటోషాప్ ఫొటోల్ని కలిపాక ఒరిజినల్ పొరలు ఎక్కడికీ పోవు. ప్రతి పొరకీ ఒక మాస్క్ ఉంటుంది, అందులో తెల్లగా ఉన్నచోటు ఫైనల్‌లోకి వెళ్లినట్టు, నల్లగా ఉన్నచోటు వెళ్లనట్టు. ఆల్ట్ నొక్కి మాస్క్ మీద క్లిక్ చేస్తే అది ఒక్కటే కనిపిస్తుంది. ఒక్కోటీ చూసుకుంటూ పోయాం. గీత ఉన్నచోట 11వ, 12వ ఫ్రేముల మాస్కులు కలుస్తున్నాయి. ఆ రెండు ఫ్రేముల్ని విడిగా తెరిచి చూస్తే ఏ దాంట్లోనూ గీత లేదు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఆన్, ఆఫ్ చేస్తే బొమ్మ ఇటు అటు ఊగింది. టూల్ గీతల వరసలు రెండూ కాస్త పక్కకి జరిగి కూర్చున్నాయి, కలిసినచోట నల్లటి గీతైంది. కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. పక్క షెడ్‌లో పవర్ ప్రెస్ దబ్బుమన్నప్పుడల్లా టేబుల్ మీద చాయ్ గ్లాసు వణుకుతోంది. అక్కడ ఆదివారం కూడా పని ఆగదు.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. పొరలన్నీ విడివిడిగా చూస్తుంటే 19వ ఫ్రేములో గాడి అంచున ఒక ముల్లు కనిపించింది. నిఖార్సైన బర్. కలిపిన ఫొటోలో చూస్తే సగమే ఉంది. మాస్క్ అంచు సరిగ్గా దాని మీదుగా పోయింది. ముల్లు సన్నం, వెనకున్న లోహం మీద గీతలు ఎక్కువ. 'తేడా ఎక్కడ ఎక్కువ' అనే ఎన్నికలో వెనకది గెలిచింది, ముల్లు సగం తెగిపోయింది. అంటే మేము ఎంతో ముచ్చటపడిన ఆ ఫొటో లేని క్రాక్‌ని చూపించింది, ఉన్న బర్‌ని దాచిపెట్టింది.

టేబుల్ మీంచి పీస్ తీసుకెళ్లి, నేల మీద గ్రానైట్ ముక్క వేసి, దాని మీద మళ్లీ 30 ఫ్రేములు తీశాం, ప్రెస్ ఆగిన టీ బ్రేక్‌లో. ఈసారి గీత రాలేదు, ముల్లు మొత్తం వచ్చింది. కలిపిన ఫొటో, దాంతోపాటు ముల్లు కనిపించే ఒరిజినల్ ఫ్రేమ్, అంచు కనిపించే ఒరిజినల్ ఫ్రేమ్, మూడూ పంపారు. 'ఇది 30 ఫొటోలు కలిపి చేసినది' అని మెయిల్‌లోనే రాశారు. లాట్ స్క్రాప్ కాలేదు. డీబరింగ్ కోసం వెనక్కి వచ్చింది. 600 పీసులు, చేత్తో, రెండు షిఫ్టులు. ఖర్చు ఓనర్‌దే. సంతోషంగా పెట్టుకున్నారని చెప్పను.

అప్పట్నుంచి నాకో పట్టింపు ఏర్పడింది. ఫోకస్ స్టాకింగ్‌ని నేను ఎడిటింగ్ కింద లెక్కేయను, కొలత కింద లెక్కేస్తాను. ఫోన్లలో ఇప్పుడొస్తున్న 'ఏఐ షార్పెన్'కీ దీనికీ తేడా అక్కడే ఉంది. ఏఐ షార్పెన్ మసకగా ఉన్నచోట ఏముండొచ్చో ఊహించి గీస్తుంది. కందిగింజ లక్ష చూసిన మోడల్ మీ గింజ మీద సగటు కందిగింజ మచ్చలు వేసేస్తుంది. స్టాకింగ్ సరిగ్గా జరిగితే, లెన్స్ నిజంగా చూసినదాంట్లోంచే ఎంచుతుంది. ఎంపికలో తప్పులు జరగొచ్చు, పైన చూశాం కదా, కానీ తప్పు జరిగితే వెనక్కి వెళ్లి ఏ ఫ్రేములో జరిగిందో పట్టుకోవచ్చు. ఊహించి గీసినదానికి వెనక్కి వెళ్లే దారి లేదు.

ఈ లెక్కన ఫొటోషాప్‌లో ఒక చిన్న టిక్ బాక్స్ గురించి చెప్పాలి. ఎడిట్ మెనూలో ఆటో బ్లెండ్ లేయర్స్ నొక్కితే పనోరమానా, స్టాక్ ఇమేజెసా అని అడుగుతుంది, రెండోది ఎంచుకోవాలి. కింద సీమ్‌లెస్ టోన్స్ అండ్ కలర్స్ అని ఉంటుంది, అది ఉంచుకోండి. దాని కిందే కంటెంట్ అవేర్ ఫిల్ అని ఇంకోటి ఉంటుంది. అలైన్ చేసినప్పుడు అంచుల్లో మిగిలే ఖాళీల్ని తనకి తోచిన పిక్సెల్స్‌తో నింపేస్తుంది. ఇన్‌స్టాలో పువ్వు పెట్టడానికైతే మీ ఇష్టం. గింజైనా, పురుగైనా, ఫ్యాక్టరీ పీసైనా, ఎవరైనా నమ్మాల్సిన ఫొటో అయితే ఆ టిక్ తీసేసి అంచుల్ని క్రాప్ చేసుకోండి.

'గింజని ఎవరు నమ్మాలి భయ్యా?' అనకండి. పాశమైలారం నుంచి పది, పదిహేను నిమిషాలు వెనక్కొస్తే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972లో పెట్టారు. అక్కడి జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలవి కలిపి లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలున్నాయి. దీర్ఘకాలం దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కందిలో ఒక రకానికీ ఇంకో రకానికీ తేడా రాసుకునేటప్పుడు చూసే గుర్తుల్లో గింజ రంగు, మచ్చల తీరు, గింజ కన్ను చుట్టూ ఉన్న రంగు, ఆకారం ఉంటాయి. కన్ను ఒక పక్కన, మచ్చలు పైన. మనం మొదట తీసిన ఫొటోలో ఒకటుంటే ఒకటి మసకైంది గుర్తుందా? అలాంటి ఫొటో చూసి రెండు గింజలు ఒకే రకమా కాదా అని చెప్పలేం. ఏఐ షార్పెన్ చేసిన ఫొటో చూసైతే అసలే చెప్పకూడదు. ఆ రోడ్డే పట్టుకుని సంగారెడ్డి వైపు పోతే ఐఐటీ ఉన్న ఊరి పేరు కూడా కంది. ఆ పేరు ఈ గింజ వల్లే వచ్చిందా అని మాత్రం నన్నడగొద్దు.

మరీ దూరం వెళ్లాలంటే అంగారకుడి మీదకి వెళ్దాం. 2012లో దిగిన క్యూరియాసిటీ రోవర్ చేతికి మాహ్లీ అనే కెమెరా ఉంది. రాళ్లని దగ్గర్నుంచి ఎనిమిది ఫోకస్‌ల దాకా తీసి, అక్కడే కలిపి, ఒక్క ఫొటోగా భూమికి పంపగలదు. ఎనిమిది పంపడంకంటే ఒకటి పంపితే డేటా ఆదా. జియో రాకముందు రోజుకి ఒక జీబీ కూడా లేక మనం పడ్డ బాధ దానికీ ఉందన్నమాట. ఇంకో చివర లెవాన్ బిస్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని పురుగుల్ని 10 మైక్రాన్ల చొప్పున జరుపుతూ తీసి, ఒక్కో పురుగుకి దాదాపు 8 వేల ఫొటోలు కలిపాడు. 2016లో ప్రదర్శన పెడితే గోరంత పురుగు మనిషంత ఎత్తున నిలబడింది.

మనకి 8 వేలు అక్కర్లేదు, ఇరవై చాలు. ఆండ్రాయిడ్‌లో అయితే నేను చెప్పిన ఓపెన్ కెమెరా ఉచితం. సెట్టింగ్స్‌లో కెమెరా2 ఏపీఐ ఆన్ చేస్తే, మీ ఫోన్ సహకరిస్తే, ఫోకస్ బ్రాకెటింగ్ కనిపిస్తుంది. దగ్గరి ఫోకస్ ఎక్కడ, దూరపు ఫోకస్ ఎక్కడ అని రెండు గీతలు జరిపి, ఎన్ని ఫొటోలో చెప్తే మిగతాది అదే చూసుకుంటుంది. కొన్ని ఫోన్లలో ఆ ఆప్షన్ రాదు. అప్పుడు ప్రో మోడ్‌లో మాన్యువల్ ఫోకస్ ఉందేమో చూసి, స్లైడర్‌ని ఒక్కో పిసరు జరుపుతూ తీయాలి. ఐఫోన్ వాళ్లు మాన్యువల్ ఫోకస్ ఉన్న వేరే కెమెరా యాప్ ఏదైనా పెట్టుకోవాలి. సీరియస్‌గా తీసుకుని కెమెరా కొంటామనేవాళ్లు ఫోకస్ బ్రాకెటింగ్ ఉందో లేదో అడిగి కొనండి. 2017లో వచ్చిన నికాన్ డీ850 నుంచి ఆ కంపెనీ దీన్ని ఫోకస్ షిఫ్ట్ అంటోంది, ఒకేసారి 300 దాకా తీస్తుంది.

ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దు. స్టాండ్ లేకపోతే రెండు ఇటుకలు, ఒక చెక్క, రబ్బర్ బ్యాండు. షట్టర్‌కి టైమర్ పెట్టండి, వేలు తగిలితే మొదటి ఫ్రేమే వణుకుతుంది. ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలంలో కష్టమే, తెలుసు. రోడ్డు పక్క ఇల్లైతే రాత్రి పదకొండు తర్వాత కూడా 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఆగవు కాబట్టి, టేబుల్ మీద కాకుండా నేల మీద పెట్టుకోండి. కిటికీ వెలుతురు బాగుంటుంది, కానీ మబ్బు వచ్చిపోతుంటే ఫ్రేముకీ ఫ్రేముకీ వెలుగు మారుతుంది. ఎల్‌ఈడీ లైటుకి అడ్డంగా ట్రేసింగ్ పేపర్ పెడితే మెరుపు తగ్గుతుంది, గింజ మీద తెల్లమచ్చలు పడవు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ లాక్ చేయాలి. ఆటోలో వదిలేస్తే ఇరవై ఫొటోలు ఇరవై రంగుల్లో వస్తాయి. పక్కన స్కేలు అంచు ఒకటి పెట్టండి, సైజు ఎంతో తర్వాత ఎవరూ అడగక్కర్లేదు.

ఎన్ని ఫొటోలు అంటే, పక్కపక్క ఫ్రేముల్లో షార్ప్ భాగాలు ఒకదాని మీదకొకటి కొంచెం ఎక్కాలి. ఎక్కకపోతే మధ్యలో మసక పట్టీలు మిగులుతాయి, సినిమా పోస్టర్ మీద వాన చుక్కలు జారినట్టు. అనుమానం ఉంటే ఎక్కువే తీయండి. స్టోరేజీ చవక, మళ్లీ సెట్ చేసుకోవడం కష్టం.

ఫొటోషాప్‌కి నెలనెలా డబ్బు కట్టలేమనేవాళ్లకి హ్యూగిన్ ఉంది, ఉచితం. దాంతో వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్ అనే చిన్న ప్రోగ్రాంతో ఫొటోల్ని సరిచేసి, ఎన్‌ఫ్యూజ్‌తో కలపాలి. ఎన్‌ఫ్యూజ్ మామూలుగా వెలుతురు చూసి కలుపుతుంది. కాబట్టి ఎక్స్‌పోజర్ వెయిట్ సున్నా, శాచురేషన్ వెయిట్ సున్నా, కాంట్రాస్ట్ వెయిట్ ఒకటి ఇచ్చి, హార్డ్ మాస్క్ ఆన్ చేయాలి. నల్ల స్క్రీన్ మీద కమాండ్ టైప్ చేయడానికి భయపడకండి, ఒకసారి రాసి ఫైల్‌లో దాచుకుంటే చాలు. జింప్‌లో మాత్రం ఇది నేరుగా లేదు, పొరలు పెట్టి మాస్కులు చేత్తో గీసుకోవాలి. మూడు నాలుగు ఫొటోలకైతే పర్లేదు.

పురుగుల సంగతి కూడా చెప్పి ఆపుతాను, ఎందుకంటే నాకు వచ్చే మెసేజ్‌లలో సగం దాని గురించే. 'ఫ్రిజ్‌లో కాసేపు పెడితే కదలదంట కదా అన్నా?' అని. కదలదు, కొన్నిసార్లు మళ్లీ ఎప్పటికీ కదలకపోవచ్చు. నేనైతే ఆ పని చేయను. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున సంగారెడ్డి పక్క ఏ పొలం గట్టు మీదికైనా వెళ్లండి. చలికి తూనీగలు గడ్డిపోచల మీద బిర్రబిగుసుకుని, ఒంటినిండా మంచు చుక్కలతో కూర్చుని ఉంటాయి. ఎండ పడేదాకా కదలవు. గాలి లేకపోతే పది, పన్నెండు ఫ్రేములు హాయిగా వస్తాయి. కంది పూత మీదున్న చేలో అయితే లేత కాయల మీద, మొగ్గల మీద శనగపచ్చ పురుగు గుడ్లు వెతకొచ్చు. అర మిల్లీమీటరు ఉంటుంది ఒక్కోటి, లేత పసుపు, పైనుంచి కిందకి గీతలు. ఆ గీతలు ఒక్క ఫొటోలో ఎప్పుడూ పూర్తిగా పడవు. చేను ఎవరిదో వాళ్లని అడిగి దిగండి. ఏం తీస్తున్నావని అడుగుతారు. తీసిన ఫొటో చూపిస్తే, మందు కొట్టాలా వద్దా అని మీకంటే ముందు వాళ్లే లెక్కేసుకుంటారు.

ఒరిజినల్ ఫ్రేముల్ని డిలీట్ చేయకండి. గింజ పేరు, తేదీ, ఎన్ని ఫ్రేములు, ఏ పద్ధతితో కలిపారు అని ఫోల్డర్ పేరులోనే రాసుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే ఇరవై ఫొటోల నుంచి ఏరుకున్న వివరమంతా అది ఒక్క సెకన్లో నలిపేస్తుంది.